ఆరొద్దుల పండు

యోబు చూపుడువేలిని మడిచి, దాని వెనకవైపుతో పదిహేడో కాయను తాకాడు. బొటనవేలితో నొక్కే అలవాటు ఆయనకు లేదు. నొక్కితే సీతాఫలం కందిపోతుంది, కందినచోట మర్నాటికి నల్లమచ్చ లేస్తుంది. పసిపిల్లకు జ్వరముందా అని నుదుటిమీద వేలానించి చూస్తారు చూడండి, అట్లా ఆనించి, కాస్త ఆగి, తీసేస్తాడు. పండిందా, పండబోతోందా, ఇంకో పూట ఆగుతుందా అన్నది ఆ కాస్తలోనే తెలిసిపోతుంది. పదిహేడోది తెలిసింది. వరిగడ్డి మళ్ళీ దానిమీదికి జరిపి, మోకాళ్ళమీదే పక్కకు కదిలి, పద్దెనిమిదోదాని దగ్గరికి వెళ్ళాడు.

ఆ గది ఒకప్పుడు గుర్రాలశాల. గోడలకు ఇనపకొక్కేలు ఇంకా ఉన్నాయి. కిటికీలోంచి మంచు లోపలికి వస్తోందా, లోపలి గడ్డి వాసన బయటికి పోతోందా చెప్పలేము, రెండూ కలిసి నేలకు జానెడెత్తున తెల్లగా తేలుతున్నాయి. వికారాబాదు కొండల్లో దసరా దాటాక పొద్దులన్నీ అట్లాగే ఉంటాయి. ఎదురుగా చెట్టు కనపడదు, చెట్టుమీది పిట్ట మాత్రం వినపడుతుంది.

గడ్డిలో ఇరవైనాలుగు కాయలున్నాయి. పోయిన గురువారం పొద్దున కోసినవి. ఇవాళ బుధవారం. సీతాఫలం సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. చెట్టుమీంచి దించిన సీతాఫలం రెండో రోజుకు పండుతుంది, మూడో రోజుకు చితుకుతుంది, నాలుగో రోజుకు నల్లబడి ఈగలకు పనికొస్తుంది. అందుకే అది ఏ ఊళ్ళో కాస్తే ఆ ఊరి చుట్టుపక్కలే తిని ముగించాల్సిన పండు. ఈ ఇరవైనాలుగూ ఆరో రోజున, ఇదిగో, ఇప్పుడే కళ్ళు నలుపుకుంటున్నాయి.

"ఏమాయె సారూ, లేచిండ్రా నీ పోరగాండ్లు?" అంటూ మొగులమ్మ గుమ్మంలో నిలబడింది. మంచులో ఆమె గొంగడి, చేతికర్ర మాత్రమే కనపడ్డాయి. ఆమె వెనక గొర్రెల మెడగంటలు.

"ఇంక పండుకునే ఉన్నరక్కా. రెండు మూడు మసులుతున్నయి."

"మసులనీ. తాండూరు పొయ్యేసరికి నిద్ర తేలిపోతది."

ఆమె వెనకనుంచి తోటమాలి జంగప్ప దగ్గుతూ వచ్చాడు. తాండూరు అవతల కన్నడం మాట్లాడే ఊళ్ళనుంచి ఎప్పుడో వచ్చిన మనిషి. డెబ్బై ఉంటాయి. ప్రతిదాంట్లోనూ చెడు ముందు చూస్తాడు.

"పండు చూసి తోట ఉంచుతడా గా ఆఫీసరు? పండ్లు తింటడు, మూతి తుడుసుకుంటడు, తోట కొట్టిస్తడు."

"నోరు మంచిగ రాదా మామా నీకు? ముసలోనివైనవు, జర శుభం పలుకరాదూ."

"శుభం పలికితె చెట్లు ఆగుతయా?"

"నువ్వు పలుకకుంటె నీ నడుమన్న ఆగుతదేమో సూడు, ఒక్కతీరుగ ఒంగుతున్నది" అంది మొగులమ్మ. జంగప్ప నవ్వబోయి దగ్గాడు. యోబు పంతొమ్మిదో కాయమీద వేలానించాడు.

జంగప్ప అన్నది ఉత్తమాట కాదు. పదిరోజుల కిందట పైఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఈ తోటవల్ల శాఖకు ప్రయోజనం కనపడడం లేదట, చెట్లు కొట్టించి కొత్తరకం మొక్కజొన్న విత్తనాల ఫారం పెడతారట. ఏదో నిలవుండే సీతాఫలమని మాటిమాటికీ రాస్తున్నావు గదా, ఆ పండు ఆరు రోజులు నిలిచేమాట నిజమైతే ఫలానా బుధవారం తాండూరు సర్కారు బంగళాలో మా క్యాంపుకు తెచ్చి చూపించు, చూశాక నిర్ణయం అని ఉంది. కింద సంతకం. పదిహేనేళ్ళలో పైనుంచి ఆయన పండు గురించి అడిగిన మొదటి ఉత్తరం అదే. అడిగినందుకు సంతోషపడాలో, అడిగిన తీరుకు భయపడాలో తెలియక యోబు దాన్ని నాలుగుసార్లు చదివి, మడిచి దిండుకింద పెట్టుకున్నాడు. ఆనాటినుంచి నిద్రలేదు.

ఆ తోటకు ఆయన వచ్చింది పోలీసుచర్య అయిన మరుసటి యేడు. దాని జాగీర్దారు కుటుంబం ఇంటికి తాళం కూడా వెయ్యకుండా హైదరాబాదు వెళ్ళిపోయింది. సర్కారు తోటను వ్యవసాయశాఖకు అప్పగించింది, శాఖ యోబును తోటకు అప్పగించింది. ఆయన సొంతూరు పరిగి దగ్గర. తండ్రి బిచ్చయ్య కూలిమనిషి. పిల్లవాడు ఆకులు ఏరి వరసబెట్టి ఆడుకుంటుంటే చూసి మిషనుబడివాళ్ళు చేరదీశారు, పెద్దయ్యాక ఉత్తరాదికి పంపి వ్యవసాయం చదివించారు. పేరు వెనక ఇంగ్లీషు అక్షరాలున్న మనిషే మరి. ఆయనతో చదివినవాళ్ళు జీపులెక్కారు. ఆయనకూ రెండుసార్లు పెద్ద ఉద్యోగం కబురొచ్చింది. రెండుసార్లూ వద్దని రాశాడు. కారణం కొండమీద ఉంది. కొండమీది క్షయ ఆసుపత్రిలో, వరండాలో, కిటికీపక్క ఏడో మంచంలో ఆయన భార్య భాగమ్మ ఉండేది.

తోటలో మూడొందల చిల్లర చెట్లుండేవి, ఎవరూ నాటనివి, కొండచరియల్లో వాటంతట అవి మొలిచినవే. యోబు వాటికి నంబర్లు వేశాడు. తొలకరిలో పూత వచ్చినప్పుడు ఏ పువ్వు ఏ రోజు విచ్చిందో తెలియడానికి తొడిమకు దారం కట్టేవాడు. మొదటివారానికి ఎరుపు, రెండోవారానికి పసుపు, మూడోవారానికి తెలుపు. ఎన్నో రోజున కోస్తే పండు రుచిగా ఉంటుంది, ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నది లెక్కతేల్చాలని ఆయన పట్టుదల. ఉదయం చెట్ల దగ్గర దారాలు కట్టేవాడు, సాయంత్రం కొండెక్కి భాగమ్మ దగ్గర కూర్చునేవాడు. నాలుగేళ్ళు అట్లా గడిచాయి. ఆ రోజులు తలుచుకుంటే ఆయనకు ఎండాకాలమో వానాకాలమో గుర్తుండదు, ఎక్కేదారి, దిగేదారి మాత్రం గుర్తుంటుంది.

యాభైమూడులో, వానలు వెనకబట్టే రోజుల్లో, భాగమ్మకు బాగాలేదని తొమ్మిదిరోజులు కొండమీదే ఉండిపోయాడు. దిగి వచ్చేసరికి తోట ఆయన తోటలా లేదు. చెట్టుచెట్టుకూ, కొమ్మకొమ్మకూ దారాలు. ఎరుపు, పసుపు, తెలుపు, చీరకొంగు పేలికలు, నల్లనూలు, ఒకచోట జడకుచ్చు కూడా. ఏవి తనవో ఏవి కావో తేలే దారిలేదు.

అది మొగులమ్మ చేసిన పని. ఆమె ఒక్కతే కాదు, ఊళ్ళో ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చింది.

"మరి నువ్వు పెండ్లాం పానం బాగుండాలని చెట్టుచెట్టుకు ముడుపు కడితివి గద సారూ. నాలుగేండ్లసంది సూస్తనే ఉన్నం. ఒక్కనివి కడితె దేవునికి ఇనబడుతదా? అందుకే అందరం కట్టినం."

యోబు గొంతెత్తి ఎరగని మనిషి. ఆవేళ కూడా ఎత్తలేదు. బావిగట్టుమీద కూర్చుని చాలాసేపు ఆ రంగులు గాలికి ఊగడం చూశాడు. నాలుగేళ్ళ పని ఎదురుగా చిక్కుపడి ఊగుతోంది. కత్తిరించాలంటే చేతులు రాలేదు. తీసేస్తే భాగమ్మకు ఏమవుతుందో అని చదువుకున్న మనసులో ఒక మూల అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

దారాలు పోయాయి గనక, కాయ ఎప్పుడు కొయ్యాలో చెప్పమని మొగులమ్మనే అడిగాడు. ఆమె నవ్వింది.

"దారం జూసి కోస్తరా ఎవలన్న? కాయ మొకం జూడు. కన్నుకు కన్నుకు నడుమ బాట పడాలె. బాట పచ్చగుంటె అది పసిది. పాల లెక్క తెల్లగైతే కోసుకో. పసుపు తిరిగిందా, అది నీది గాదు, పిట్టలది."

అట్లా బాట చూసి, చెట్టుకు నాలుగేసి కాయలు, ఏ చెట్టువి ఆ గంపలో వేసి, ఈ గదిలోనే పెట్టాడు. ఆ మధ్యాహ్నమే కొండమీదినుంచి మనిషి వచ్చాడు. యోబు గది తలుపు కూడా దగ్గరకు వెయ్యకుండా వెళ్ళాడు. భాగమ్మను మట్టికి అప్పగించి, చుట్టాలను సాగనంపి, ఆరో రోజున తోటకు వచ్చాడు. గదంతా కుళ్ళువాసన. గంపలు బయటపడేద్దామని ఒక్కొక్కటే ఎత్తుతుంటే బావి వెనకాల ముప్పైఒకటో నంబరు చెట్టు గంప చేతికి బరువుగా తగిలింది. గడ్డి తీసి చూశాడు. నాలుగు కాయలూ తెల్లగా, మచ్చలేకుండా, అప్పుడే కళ్ళు విచ్చుకుంటున్నట్టు ఉన్నాయి. ఆరు రోజులుగా ఏడవని మనిషి అప్పుడు కూర్చుని ఏడ్చాడు.

ఆ చెట్టునుంచి పదేళ్ళలో అంట్లు కట్టి పన్నెండింటిని బతికించాడు. ఎండాకాలం వాటికింద మొగులమ్మచేత మంద పెట్టించేవాడు. సీతాఫలం ఆకును గొర్రె ముట్టదు గనక చెట్టుకు భయంలేదు, తెల్లారేసరికి నేలంతా ఎరువు. శాఖవాళ్ళు పంపిన సల్ఫేటు ఎరువు సగం చెట్లకు వేసి చూశాడు. కాయ లావెక్కింది, మూడో రోజుకే నల్లబడింది. మంద పెట్టిన చెట్ల కాయ చిన్నది, తీపి, నిలవుండేది. అదంతా రాసి పైకి పంపాడు. నాలుగుసార్లు పంపాడు.

"ఏందట్ల కూసున్నవు సారూ, బండి పోతది" అని మొగులమ్మ అరిచేదాకా ఆయన వేలు ఇరవైనాలుగో కాయమీదే ఉంది.

గంపలో కింద గడ్డి, వరసకు ఆరు కాయలు, మళ్ళీ గడ్డి. స్టేషనుదాకా జంగప్ప మోశాడు. మెట్ల దగ్గర యోబు తీసుకున్నాడు. నాలుగు మెట్లెక్కి ఆగి, ఎడమభుజం రుద్దుకుని, మళ్ళీ ఎక్కాడు.

"బరువుంటె నేనొస్తి గద తాండూరుదాక" అన్నాడు జంగప్ప.

"నువ్వొస్తే ఆఫీసరు ముంగట దగ్గుతవు."

"దగ్గుత. తోట కొట్టేటోని ముంగట దగ్గకుంటె ఎవని ముంగట దగ్గాలె?"

ప్యాసింజరు బండిలో ఆయన గంపను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఎదుటి బల్లమీది ముసలాయన కాసేపు చూసి, "కింద పెట్టరాదయ్యా, అదేమన్న ఎగిరిపోతదా?" అన్నాడు.

"కింద అదురుతది."

"అదిరితే?"

"మేల్కుంటయి."

ముసలాయన గంపవంక, ఆయనవంక మార్చి మార్చి చూసి, తన మూట తీసుకుని ఇంకాస్త పక్కకు జరిగాడు.

ధారూరు దాటేసరికి మంచు విడిపోయింది. కందిచేలు అప్పుడప్పుడే పూతపట్టి, ఎర్రనేలమీద ఎవరో పసుపునీళ్ళు చిలకరించినట్టు ఉన్నాయి. బండి ఊగుతుంటే యోబుకు తాను కదులుతున్నట్టు లేదు, చేలే వచ్చి తనను చూసి వెళ్తున్నట్టు ఉంది. తాండూరు దగ్గరపడ్డాక పట్టాల పక్కన నాపబండలు నిలువుగా పేర్చి కనపడ్డాయి, నీలంగా కొన్ని, పసుపుగా కొన్ని, తడిసిన ఆకాశం ముక్కల్లా.

బంగళాలో వంటమనిషి నర్సింహులు తప్ప ఎవరూ లేరు. ఆఫీసరు ఊళ్ళమీదికి వెళ్ళాడట, మధ్యాహ్నం భోజనానికి వస్తాడట. యోబు గంప దించి, "జర చల్లగుండే జాగల పెట్టు" అన్నాడు. నర్సింహులు తలూపి వంటింట్లో నీళ్ళకుండ పక్కన పెట్టాడు. యోబు వరండాలో బెంచీమీద కూర్చున్నాడు. కింద బండలు ఎండకు వెచ్చబడి ఆ వెచ్చదనం అరికాళ్ళలోంచి పైకి పాకింది. పదిరోజుల నిద్ర ఒక్కసారిగా మీద పడింది.

కలలో భాగమ్మ ఆసుపత్రి వరండాలో మంచంమీద కూర్చుని జడ అల్లుకుంటోంది. ఆమె జుట్టు ముందులాగే ఒత్తుగా ఉంది. "ఇయ్యాల ఎన్నో పొద్దు?" అని అడిగింది. "ఆరు" అన్నాడు యోబు. "ఇంక నిలుస్తదా?" అంది. ఏది అని అడుగుదామనుకున్నాడు. ఆమె జడ అల్లుతూనే ఉంది, అది వరండా పొడుగునా పెరుగుతూనే ఉంది.

నవ్వులు వినపడి మెలకువ వచ్చింది. సీతాఫలం వాసన వచ్చింది. జీపు వాకిట్లో ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గంపలో గడ్డి మాత్రం ఉంది.

"నర్సింహులూ, పండ్లేవి?"

"సాబులు తిన్నరు సారూ. నలుగురు దోస్తులు గూడ వచ్చిండ్రు. మస్తున్నయని ఒక్కటి ఇడువలే. వికారాబాదు సారు తెచ్చిండని నీ పేరు గూడ చెప్పిన."

"ఎందుకు పెట్టినవు?"

నర్సింహులు మొహంలో రంగు మారింది. "నజరానా గాదా?"

ఆ కాలంలో ఆ బంగళాల రివాజు తెలిస్తే నర్సింహులును తప్పుపట్టబుద్ధి కాదు. నవాబుల నాటినుంచీ పెద్ద ఆఫీసరు క్యాంపు చేస్తే పండ్లగంప రావలసిందే. తెచ్చినవాడు ఇందుకు తెచ్చానని చెప్పడు, అందుకున్నవాడు ఎందుకని అడగడు. గంప వంటింటికి చేరుతుంది, భోజనమయ్యాక పళ్ళెంలో కనపడుతుంది. నర్సింహులు తండ్రీ అట్లాగే చేశాడు, తాతా అట్లాగే చేశాడు.

హాల్లోంచి ఆఫీసరు కేక వేశాడు. కోస్తా మనిషి, యాభై దాటలేదు, మెడలో రుమాలు.

"రావయ్యా యోబూ, నిద్రలేచావా? లేపొద్దని నేనే చెప్పాను. నీ సీతాఫలాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. తెల్లవారుఝామున కోయించుకొచ్చావా?"

"లేదు సార్. పోయిన గురువారం కోసినయి. ఆరొద్దులైంది. మీరు తెమ్మన్నవి అవే."

ఆఫీసరు చిరునవ్వు నవ్వాడు. పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"గురువారం కోసిన కాయ బుధవారం ఇట్లా ఉంటుందా? నేనూ వ్యవసాయమే చదివానయ్యా. తోట పోతుందని బెంగ ఉంటే ఉందని చెప్పు. ఇంత వయసొచ్చి అబద్ధం ఎందుకు?"

యోబు నోటుబుక్కు తెరిచి తారీఖు చూపించాడు. ఆఫీసరు దానివంక చూడలేదు. "రాసుకోవడానికేముంది."

పండు చెడిపోయి ఉంటే ఓడిపోయేవాడు. చెడకపోవడంవల్లనే ఇప్పుడు నమ్మేవాడు లేకపోయాడు. చూపించడానికి ఒక్కటి మిగల్లేదు. పళ్ళేల్లో తొక్కలు తప్ప ఏమీ లేవు. యోబు నోటుబుక్కు మూశాడు. "సరే సార్" అన్నాడు. ఆ తోటలో చెట్లు వరసగా ఒరిగిపోవడం, ఏ శబ్దమూ లేకుండా, నీళ్ళలో మునిగినట్టు ఒరిగిపోవడం ఆయనకు కనపడింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు నర్సింహులు లోపలికి వచ్చాడు. రెండు చేతుల్లో రెండు సీతాఫలాలు. వాటినిండా జొన్నపిండి.

"సాబ్, తప్పైంది. గివి రెండు నేను పిండిడబ్బల దాసుకున్న. మా ఇంటిదానికి నెల్రోజులసంది జరం, ఏం దిన్నా నోరు చేదంటది. దానికోసం తీసిన. నన్ను కొల్వుకెల్లి తీసేస్తె తీసెయ్యుండ్రి. గని ఆ సారు అబద్ధమాడలే. గంప నేనే ఇప్పిన. తొడిమెలు సూడుండ్రి, అగ్గిపుల్లల లెక్క ఎండి ఉన్నయి. పొద్దుగాల కోసింది గిట్లుంటదా?"

ఆఫీసరు ఒక కాయ అందుకుని, పిండి ఊది, తొడిమను గోటితో వంచాడు. అది టప్పున విరిగింది. లోపల కూడా నల్లగా ఎండిపోయి ఉంది, చుక్క పసరు లేదు. ఆయన మొహంలో నవ్వు పోయింది. చాకు తెమ్మని కాయను రెండుగా కోశాడు. తెల్లగా ఉంది, పాలమీగడ గడ్డకట్టినట్టు. తొక్క అంచున సైతం మచ్చలేదు.

"కూర్చో" అన్నాడు. యోబు కూర్చోలేదు. "ఏ రోజు కొయ్యాలో ఎట్లా పట్టుకున్నావు?"

"నేను పట్టలేదు సార్. మొగులమ్మ అని ఒకామె మా తోటల మంద పెడ్తది, ఆమె చెప్పింది. నేను రాసుకున్న."

"ఎరువు?"

"గొర్రె ఎరువే సార్. సల్ఫేటు వేసిన చెట్లయి మూడొద్దులకు నల్లబడ్డయి. నాలుగు రిపోర్టులు పంపిన."

"నాకు రాలేదే."

"వచ్చి ఉంటయి సార్" అన్నాడు యోబు మెల్లగా. ఆఫీసరు దగ్గి, కాగితం తీసుకున్నాడు. తోట మీద ఈ యేడు ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, వచ్చే యేడు కార్తీకంలో నేనే వస్తాను, నా ఎదుట కోసి ఆరు రోజులు నిలిపి చూపాలి అని రాసి సంతకం చేశాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడా అంటే, నిలబెట్టుకున్నాడు. మరుసటి యేడు తోటకు వచ్చి బావిగట్టుమీద కూర్చున్నాడు. కాయలు మొగులమ్మ కోసింది. "గిదేం పరీక్ష సారూ, ఆరొద్దులు కూసుంటవా ఈడ? నీకు పనిపాట లేదా?" అని అడిగింది కూడా. తోట నిలబడింది. అదంతా తరవాతి సంగతి.

నర్సింహులును ఎవరూ ఏమీ అనలేదు. కోసిన పండును యోబు టేకాకులో చుట్టి అతని చేతిలో పెట్టాడు.

"ఇంటికి దీస్కపో. చెంచాతోని పెట్టు, కొంచెం కొంచెం."

"నువ్వు జర ఉండరాదు సారూ, చాయ్ తాగి పో. మొకమంతా చెమటలే ఉన్నయి."

"ఎండకు."

"ఎండేది సారూ? పొద్దు వాలుతున్నది."

సాయంత్రం బండిలో కిటికీపక్క చోటు దొరికింది. ఒళ్ళో ఖాళీ గంప, గంపలో మిగిలిన ఒక్క పండు. ఎదురుగా కొండమ్మ అని వికారాబాదు అవతలి పల్లె మనిషి, తాండూరు అంగట్లో సీతాఫలాలు అమ్ముకుని గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని పోతోంది. నడివయసు. నోరు ఊరికే ఉండదు.

"ఏంది సారూ, అంతపెద్ద గంపకు ఒక్కటే పండా? అమ్ముడుపోకపాయెనా?"

"నీకియ్యాలె అని ఉంచిన."

"నాకా? పొద్దుమాపు గివే మోసి మోసి గివంటెనే మొకం మొత్తింది నాకు" అంది గానీ చెయ్యి చాచింది.

యోబు పండును రెండుగా విప్పి సగం ఆమెకిచ్చాడు. సగం తాను తీసుకున్నాడు. చెబితే నమ్మరు, పదేళ్ళలో ఆ చెట్టు పండును ఆయన తిన్నది లేదు. చెంచా కొసతో రుచి చూసి, తీపి ఎంత, నోటికి ఇసకలా తగిలే పలుకు ఎంత అని రాసుకోవడమే. ఒక్కొక్క కాయా ఒక్కొక్క రోజు పరీక్షకు కావాలి మరి. ఇవాళ దేనికీ అక్కర్లేదు. చిన్నపిల్లాడిలా వేళ్ళతో తీసుకుని తిన్నాడు. గడ్డం మీదికి కారింది. తుడుచుకోలేదు.

కొండమ్మ రెండు ముద్దలు తిని నమలడం ఆపింది.

"గిదేడ్ది సారూ? నేను గీ గుట్టలన్నీ తిరిగిన, గిసొంటిది తినలె."

"చెప్తే అందరొచ్చి చెట్టెక్కుతరు."

"ఎక్కం తియ్. చెప్పు."

"వికారాబాదు తోటది. కొట్టేస్తమన్నరు. ఇయ్యాల ఆగింది. ఇంక తోట ఉంటది."

"గిట్లాంటి చెట్టును కొట్టెటోని చేతులిరుగ!" అంటూ ఆమె గింజలను ఒక్కొక్కటే కిటికీలోంచి బయటికి ఊసింది. యోబు తన గింజలను ఊయలేదు. నోట్లోంచి తీసి, కిటికీ చెక్కమీద వరసగా పెడుతూ పోయాడు.

"ఎందుకట్ల లెక్కవెడుతున్నవు? పిల్లలా అవి?"

"అలవాటు" అన్నాడు. "తక్కువున్నయి. పదకొండే."

"తక్కువుంటె మంచిదా?"

"మంచిదే. తినేటందుకు ఎక్కువుంటది."

ఆమె నవ్వింది. బయట చేలు నీలంగా మారుతున్నాయి. దూరంగా గుట్టలు ఒకదాని వెనక ఒకటి, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా కలిసిపోతున్నాయి. యోబు తల కిటికీ కమ్మీకి ఆనించాడు. భుజం నొప్పి ఎప్పుడు పోయిందో ఆయనకు తెలియలేదు. ఎవరో తన పక్కన కూర్చుని జడ అల్లుకుంటున్నట్టు, ఆ వెంట్రుకలు చెంపకు తగులుతున్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకున్నాడు. ధారూరు వచ్చింది, పోయింది. కొండమ్మ తన కూతురి సంగతి, అల్లుడి సంగతి, బర్రె ఈనిన సంగతి చెబుతూనే ఉంది. పాపం, అలిసిపోయి నిద్రపోతున్నాడు అనుకుని గొంతు కాస్త తగ్గించింది కూడా.

వికారాబాదు స్టేషనులో బండి ఆగాక, "సారూ, మీ ఊరొచ్చింది" అంది. భుజం పట్టి కదిపింది. మళ్ళీ కదిపింది. తరవాత ఆమె కేక విని జనం వచ్చారు.

ప్లాట్‌ఫారం మీద జంగప్ప నిలబడి ఉన్నాడు, ఎప్పటినుంచి నిలబడ్డాడో ఏమో. నలుగురు కలిసి యోబును దించి బల్లమీద పడుకోబెట్టారు. జంగప్ప దగ్గలేదు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రెండూ పట్టుకున్నాడు. కొండమ్మ బండి దిగీ దిగకుండా మెట్టుమీద నిలబడి, "నువ్వు ఆ తోట మనిషివేనా? తోట ఉంటదన్నడయ్యా. ఇయ్యాల ఆగిందట. నాతోని చెప్పిండు" అని గట్టిగా అంది. వినపడిందో లేదో అని మళ్ళీ అంది. జంగప్ప తలెత్తకుండానే తల ఊపాడు.

గార్డు ఈల వేశాడు. కొండమ్మ గంపలు ఎత్తుకుని గబగబా పక్కపెట్టెలోకి మారిపోయింది, ఆ చోట కూర్చోలేక. బండి కదిలి దీపాలు వెలిగించుకుని హైదరాబాదు వైపు సాగిపోయింది. ఖాళీ బల్లపక్క కిటికీ చెక్కమీద పదకొండు నల్లటి గింజలు, వరస చెదరకుండా, ఇంకా తడి ఆరకుండా.